అండమాన్ నుంచి ఇటు నిలబడి రావచ్చా?

తెరచాప ఉండే విండ్‌సర్ఫింగ్ పలక మీద నిలబడి మహాసముద్రాలు దాటినవాళ్లు లోకంలో చాలా కొద్దిమంది. వాళ్లలో ఫ్రాన్స్ దేశపు రఫాయేలా లె గువెల్లో అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆమె పశువైద్యురాలు, అందులోనూ చేపల పెంపకం మీద చదువుకున్న మనిషి. 2000లో సెనెగల్‌లోని డాకార్ నుంచి మార్టినీక్ దీవికి 58 రోజుల్లో అట్లాంటిక్ దాటింది. 2003లో పెరూలోని లిమా దగ్గర బయల్దేరి 89 రోజులకు పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవి చేరింది. 2006లో ఆస్ట్రేలియా పడమటి ఒడ్డున ఉన్న ఎక్స్‌మౌత్ నుంచి రీయూనియన్ దీవికి 60 రోజుల్లో మన హిందూ మహాసముద్రాన్ని దాటింది. ఒంటరిగానే వెళ్లింది. ఆమె పలకను ఇందుకోసమే కట్టారు. పొడవు 7.8 మీటర్లు, వెడల్పు 1.3 మీటర్లు. లోపల ఒక్క మనిషి పడుకునేంత గూడు ఉంటుంది. పగలు తెరచాప పట్టుకుని నిలబడటం, రాత్రి గూట్లో దూరి మూత వేసుకోవడం.

మా తమ్ముడు చెన్నైలో ఉద్యోగం చేస్తాడు. అక్కడికి దగ్గర్లోని కోవలం ఒడ్డున విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్నాడు. ఆమె గురించి చదివిన దగ్గర్నుంచీ వాడిది ఒకటే మాట: "అక్కా, మన బంగాళాఖాతాన్ని అట్టా దాటొచ్చా?" కాగితం మీద పలక బొమ్మ గీస్తాడు, చెరిపేస్తాడు, మళ్లీ గీస్తాడు. మా నాన్నది కోవూరు, అమ్మది ఒంగోలు. ఈ రెంటి మధ్య తీరమంతా మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఆ నీళ్ల మీద బతికినవాళ్లను అడక్కుండా కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చుకునే విషయం కాదిది. అందుకే వాడి మామూలు పలకను వ్యాన్ పైన కట్టుకుని మార్చి మొదట్లో మైపాడు నుంచి కొత్తపట్నం దాకా వెళ్లొచ్చాం. వ్యాన్‌లో ఇసుక ఇంకా దులపలేదు. విన్నవి మరిచిపోకముందే రాస్తున్నాను.

మార్చి 6, నెల్లూరు – మైపాడు

పొద్దున్నే నెల్లూరులో నెయ్యి కారం దోశ తిన్నాం. ఇద్దరికీ కాఫీలతో కలిపి 210 రూపాయలు. కారం నాలుక మీద కాసేపు నిలిచే రకం. తర్వాత కిలో మలై కాజా కట్టించుకున్నాం. ఎవరింటి గడపైనా తొక్కాల్సి వస్తే చేతులూపుకుంటూ వెళ్లడం మా ఇంట్లో అలవాటు లేదు.

ఇందుకూరుపేట దాటాక రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఏరియేటర్లు నీళ్లను చిలుకుతుంటే తెల్లటి నురుగు. చేపల వైద్యం చదివిన రఫాయేలా ఈ దారిలో వస్తే ప్రతి గుంట దగ్గరా వ్యాన్ ఆపమనేదని తమ్ముడన్నాడు. నిజమే అనిపించింది.

మైపాడులో జనం బాగానే ఉన్నారు. వేపుడు బండి దగ్గర వంజరం ముక్క 150 అన్నారు. పైన నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ ముక్కలు చల్లి ఆకులో పెట్టి ఇచ్చారు. మేము జనానికి దూరంగా, పడవలు లాగిపెట్టిన వైపు వెళ్లాం. తమ్ముడు తాడు, టేపు తీసి తడి ఇసుక మీద రఫాయేలా పలకను అసలు కొలతల్లో గీశాడు. ముక్కు, తోక, నడుమ పడుకునే గూడు, తెరచాప కొయ్య నిలిచే చోటు, కింద నీళ్లలోకి దిగే రెక్క, అన్నీ గీశాడు. గీసేసరికి పది పదిహేను మంది మూగారు. పిల్లలు గూట్లో పడుకుని లేస్తున్నారు. ఒక కుర్రాడు కాళ్లు చాపుకుని "అన్నా, తలకాయ బయటికొస్తావుంది" అని తేల్చేశాడు. వాడు పొడుగు.

అప్పుడు ఒక పెద్దాయన వచ్చి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన తెప్ప పక్కనే ఇసుకలో ఉంది. ఇప్పుడక్కడ దాదాపు అన్నీ ఫైబర్ బోట్లే. తెప్పలు వెతికితే గానీ కనపడవు. ఆయన మా బొమ్మను, తన తెప్పను మార్చి మార్చి చూసి అడిగాడు.

"నీళ్లు లోపలికి పోతే ఎట్టా తోడతారు నాయనా?"

లోపల చిన్న చిన్న అరలు ఉంటాయని, ఒక్కో అరకూ గాలి చొరబడని మూత ఉంటుందని తమ్ముడు చెప్పాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మా తెప్ప మునగదు. మునగడానికి దాంట్లో గుంటే లేదు గదా! అల వస్తాది, దుంగల సందుల్లోంచి పోతాది. మీరు మనిషి కోసం గుంట పెట్టారు. గుంట పెట్టినాక ఆ మూతే మీ పేణం. మూత గాలి కొట్టే పక్క పెట్టమాక."

తేలిక కొయ్య దుంగలు పక్కపక్కన పేర్చి కొబ్బరితాడుతో కడితే తెప్ప. వేటనుంచి వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఎండబెట్టేవాళ్లు. లేకపోతే నీరు పట్టి బరువెక్కుతాయి. తెడ్డునే నీళ్లలోకి నిలువుగా దించి పట్టుకుంటే తెప్ప గాలికి పక్కకు కొట్టుకుపోకుండా నిలబడుతుంది. విండ్‌సర్ఫింగ్ పలక కింద రెక్క చేసే పని కూడా సరిగ్గా ఇదే. ఆయన పలకను తిరగేయించి ఆ రెక్కను చేత్తో తడిమి చూశాడు. ఇంకేమీ అడగలేదు. "రేపు తెల్లారి రండి, నీళ్లమీద జూద్దాం" అని వెళ్లిపోయాడు.

మార్చి 7, మైపాడు

తెల్లవారి గాలి ఒడ్డు మీదినుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తోంది. తమ్ముడు పలక ఎక్కి తెరచాప లేపాడు. విండ్‌సర్ఫింగ్‌లో చుక్కాని ఉండదు. తెరచాప కొయ్య పలకకు బిగించి ఉండదు. అడుగున ఎటైనా వంగే కీలు ఉంటుంది. కొయ్యను ముందుకు వాలిస్తే పలక ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వాలిస్తే గాలి వైపుకు తిరుగుతుంది. అంటే మనిషి ఒళ్లే చుక్కాని. పెద్దాయన ఇదంతా ఒడ్డున కూర్చుని కళ్లు చికిలించి చూశాడు. తమ్ముడు తిరిగి రాగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మనిషి పడుకుంటే అది యాడికి పోద్ది?"

రాత్రి తెరచాప దించి కట్టేస్తారని, పలక అలా తేలుతూ ఉంటుందని చెప్పాం.

"మేము రాత్రి వల వదిలి పడుకుంటాం. వలే లంగరు. పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలబెడతాది. అడ్డంగా పడిన పడవను అల తిరగేస్తాది. మీరూ ముక్కు నుంచి ఏదో ఒకటి వేలాడదీయండి, గుడ్డయినా సరే." తమ్ముడు పుస్తకంలో రాసుకున్నాడు.

అసలు విషయం ఆ తర్వాత వచ్చింది. నెల్లూరు నుంచి తూర్పుగా, కాస్త దక్షిణానికి వాలి వెళితే ఉత్తర అండమాన్. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు. రఫాయేలా హిందూ మహాసముద్రంలో 6,000 కిలోమీటర్లకు పైగా 60 రోజుల్లో వచ్చింది. అంటే సగటున రోజుకు వంద కిలోమీటర్లు. ఆ లెక్కన మనకు రెండు వారాలు. తమ్ముడు ఇక్కడినుంచి బయల్దేరి అటు చేరాలని గీసుకున్నాడు. పెద్దాయన అది వినగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కణ్ణించి పోవద్దు. అక్కణ్ణించి రావాల. మీరు అటు పోవాలంటే పడమటి గాలి కావాల. అది జ్యేష్ఠం, ఆషాఢం. అప్పుడు సముద్రం ఒక్క పూట కూడా కుదురుగా ఉండదు. ఈశాన్యం గాలి పుష్యంలో, మాఘంలో నిలకడగా వీస్తాది. ఆకాశం గూడా తెరిపిగా ఉంటాది. వీపు మీద గాలి పెట్టుకుని ఇటు రండి."

సముద్రాలు దాటినవాళ్లందరూ చేసిందీ ఇదే. డాకార్ నుంచి పడమటికి వెళ్లినవాళ్లు ఈశాన్య వ్యాపార పవనాల్ని నమ్ముకున్నారు. ఎక్స్‌మౌత్ నుంచి రీయూనియన్‌కు ఆగ్నేయ పవనాలు తోశాయి. బడిలో మేం పేర్లు బట్టీపట్టిన పవనాలే. బంగాళాఖాతంలో మాత్రం రుతువును బట్టి గాలి దిక్కే మారిపోతుంది, కాబట్టి దారిని కూడా నెల చూసి ఎంచుకోవాలి. వరుసబెట్టి మ్యాపులు చూసి తమ్ముడు తేల్చుకోలేకపోయిన సంగతిని ఆయన రెండు నెలల పేర్లతో తేల్చేశాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. ముందురోజు వండిన చేపల పులుసు, పచ్చిమామిడి ముక్కలు వేసింది. పులుసు ఒక రాత్రి నిలవుంటేనే రుచి అని నెల్లూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. నెత్తళ్ల వేపుడు కూడా పెట్టారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేటప్పుడు తమిళం కలిసిన మాట, మాతో నెల్లూరు మాట. డబ్బులివ్వబోతే అవ్వకు కోపమొచ్చింది. కాజాలు మాత్రం తీసుకుని వెంటనే పిల్లలకు పంచేసింది.

అవ్వ అడిగినవి ఇంకో రకం ప్రశ్నలు. "ఆడమనిషి గదమ్మే, అన్ని దినాలు బయటికి ఎట్టా పొయ్యేది? తల ఎట్టా దువ్వుకునేది? ఒంటి మీద ఉప్పు ఎండితే పుండ్లవుతాయి, మంచినీళ్లతో కడుక్కునేదా?" సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే చిన్న యంత్రం ఉంటుందని, అది తాగడానికే సరిపోతుందని చెప్పాను. అవ్వ కాసేపు ఆలోచించి, "కొబ్బరినూనె తీసకపోవాల. ఉప్పు అంటుకోదు" అంది. సముద్రం దాటిన మనుషుల గురించి నేను చదివిన వ్యాసాల్లో ఎవరూ ఈ ప్రశ్నలు ఇంత సూటిగా అడగలేదు.

మార్చి 8, అల్లూరు దారి – జువ్వలదిన్నె

పెన్నా సముద్రంలో కలిసే చోటు అడ్డం కాబట్టి ఒడ్డు వెంట ఉత్తరానికి దారి లేదు. వెనక్కి వచ్చి కోవూరు, విడవలూరు మీదుగా అల్లూరు వైపు తిరిగాం. ఫోన్‌లో మ్యాప్ చూపించిన అడ్డదారి ఒక రొయ్యల గుంట గట్టు మీద ఆగిపోయింది. ముందు నీళ్లు, వెనక్కి తిప్పుకునే చోటు లేదు. కాపలా మనిషి గుడిసెలోంచి వచ్చి, పైనున్న పలకను చూసి, ఆక్వా కంపెనీ వాళ్లేమో, ఇదేదో కొత్త మిషనేమో అనుకున్నాడు. విషయం తెలిశాక నవ్వి, తను ముందు నడుస్తూ చెయ్యి ఊపుతూ వ్యాన్‌ను రివర్స్‌లో బయటికి తెచ్చాడు. బకింగ్‌హాం కాలువ మీద వంతెన ఎక్కడుందో కర్రతో నేల మీద గీసి చూపించాడు. టీకి ఇరవై రూపాయలిస్తే వద్దన్నాడు. వాటర్ బాటిల్ అడిగి తీసుకున్నాడు. గుంటల మధ్య తాగే నీళ్లే కరువట.

జువ్వలదిన్నె హార్బర్ దగ్గర బోట్లు, ఐసు పెట్టెలు, వల బాగుచేసుకునే మనుషులు. మాకు దొరికిన సరంగు, అంటే బోటు నడిపేవాడు, ముప్పై ఏళ్లవాడు. జీపీఎస్ ఉంది, నీళ్ల కింద చేపల గుంపును చూపే యంత్రం ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు పంపే అలల సమాచారం ఫోన్‌లో చూసుకుంటాడు. తెరచాప సంగతి అడిగితే, "మా తాత కట్టేవాడంట. నేను ముట్టుకోలేదక్కా" అన్నాడు. ఇంజిన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావంటే, ఫోన్ చేస్తాను, ఇంకో బోటు వస్తుంది అన్నాడు. ఈ తరం వాళ్లలో చాలామంది ఇదే చెబుతారు. ఒడ్డున తెరచాప కట్టడం తెలిసిన పెద్దలు ఉండగానే వాళ్ల దగ్గర ఒక్కరైనా నేర్చుకుంటే బాగుండని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆ విద్య కాగితం మీద రాసుకుంటే వచ్చేది కాదు.

అయితే పెద్దాయనకు పట్టని ఒక భయం ఈ కుర్రాడికి ఉంది. ఓడలు. కృష్ణపట్నం రేవుకు వచ్చిపోయే ఓడల మధ్య తిరిగే మనిషి కాబట్టి వాడికది రోజూ ఉన్నదే. "ఓడ మీకు ముందే కనపడతాది. ఓడలోవాడికి మీరు కనపడరు. రాడార్‌లో మీ పలక, సముద్రపు అల రెండూ ఒకటే. ఆమె మూత వేసుకుని పడుకుంటే ఎవరు చూస్తారు? ఏఐఎస్ పెట్టె పెట్టుకోమనండి, మన ఉనికి ఓడ తెర మీద చుక్కలాగా పడతాది." పలక మీద నిలబడిన మనిషి కంటికి సముద్రం అంచు ఐదు కిలోమీటర్ల లోపే. వేగంగా వచ్చే ఓడకు ఆ దూరం పది నిమిషాలు కూడా కాదు.

"ఎవరన్నా చచ్చిపోయారా ఇట్టా పోయి?" అని వాడే అడిగాడు. చెప్పాల్సి వచ్చింది. ఆర్నో ద రోస్నే అనే ఫ్రెంచి ఆయన అంతకుముందు అలాస్కా, రష్యాల మధ్య ఉన్న బేరింగ్ జలసంధి దాటాడు. 1984 నవంబరులో చైనా నుంచి తైవాన్ వైపు పలక మీద బయల్దేరాడు. మళ్లీ కనిపించలేదు. అది మహాసముద్రం కూడా కాదు, ఒక జలసంధి. మరో ఫ్రెంచి మనిషి క్రిస్టియన్ మార్టీ 1981–82 శీతాకాలంలో తోడు పడవతో డాకార్ నుంచి ఫ్రెంచ్ గయానాలోని కూరూ చేరాడు. 37 రోజులు పట్టింది. రాత్రుళ్లు పలక మీదే పడుకున్నాడు. ఆయన వృత్తి విమానం నడపడం. 2000 జులై 25న పారిస్ దగ్గర కూలిన కాంకార్డ్ విమానం నడిపింది ఆయనే. సరంగు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాకు పీతల కూర పెట్టించాడు, ఐసు పెట్టెల పక్కనే కూర్చుని తిన్నాం. హార్బర్ హోటల్లో అన్నం, పీతల కూర ఇద్దరికీ 240 అయింది. ఎంత బతిమాలినా డబ్బులు వాడే ఇచ్చాడు.

మార్చి 9, తుమ్మలపెంట, కావలి

తుమ్మలపెంటలో సరుగుడు తోటల నీడలో వ్యాన్ పెట్టాం. మధ్యాహ్నానికి ఆగ్నేయపు గాలి బాగా లేచింది. తమ్ముడు లోపలికి వెళ్లి తిరిగి వస్తుండగా అల విరిగే చోట తెరచాప ఒక్కసారిగా పలక మీదినుంచి ఊడినట్టు పడిపోయింది. ఈదుకుంటూ, పలకను తోసుకుంటూ వచ్చాడు. నేను ఒడ్డున నిలబడి పడిన టెన్షన్ చెప్పలేను. ఇద్దరు కుర్రాళ్లు నడుముదాకా దిగి పలకను అందుకున్నారు.

చూస్తే అడుగున ఉన్న రబ్బరు కీలు సగానికి చీలింది. ఈ ఆట మొత్తం ఆ కీలు మీదే ఉంది. 1960ల చివర్లో అమెరికాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ దీన్ని తయారుచేసి పేటెంట్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు ముఖ్యమైన విషయం ఇదే: కొయ్యను పలకకు బిగించకుండా, ఎటైనా వంగేలా కలపడం. ఈ బెత్తెడు రబ్బరు తెగితే పెద్ద పలక అయినా, రెండు వారాల తిండి ఉన్నా, తెరచాప పనికిరాదు.

చెన్నైలో తప్ప కొత్తది దొరకదు. కావలిలో ఒక టైర్ల షాపు ఆయన దాన్ని చేత్తో వంచి చూసి, లారీ టైరు లోపలి పొరలు మూడు కోసి, మధ్య బోల్టు బిగించి ఇచ్చాడు. 180 రూపాయలు. బాగా గట్టిగా ఉంది, కానీ వంగడం లేదు. తుమ్మలపెంటకు తిరిగి వస్తే వల అల్లుతున్న ఒకాయన దాన్ని పక్కన పడేసి, లావుపాటి నైలాన్ తాడు తీసుకుని కొయ్య అడుగుకూ పలక మీది కొక్కేనికీ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, నడుమ అడ్డంగా బిగించి ముడేశాడు. "తాడు ఎటైనా వంగుతాది. తెగేముందు పీచు లేచి చెబుతాది. రబ్బరు చెప్పదు." డబ్బు తీసుకోలేదు. టైరు ముక్కను మాత్రం ఉంచుకున్నాడు, పడవ పక్కన కొట్టుకోవడానికి పనికొస్తుందని.

సాయంత్రం ఆయనే 1989 నవంబరు గురించి చెప్పాడు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి భూమిని దాటి, అండమాన్ సముద్రం, బంగాళాఖాతం మొత్తం ఈదుకొచ్చి కావలి దగ్గర తీరం దాటిన తుపాను అది. పేరు గే. అప్పుడు ఆయన కుర్రవాడు. సరుగుడు చెట్లన్నీ ఒకే వైపు పడుకున్నాయని, పొద్దున చూస్తే ఊరు ఎటుందో తెలియలేదని చెప్పాడు. "మీరు రావాలనుకునే దారి అదే. తుపానూ అదే దారిలో వస్తాది. కార్తీకం వెళ్లేదాకా అసలు కదలొద్దు."

రాత్రి కావలిలో బస చేసిన లాడ్జిలో నీళ్లు రాలేదు, దోమలు మాత్రం దండిగా ఉన్నాయి. గది 900.

మార్చి 10, రామాయపట్నం, పాకల

రామాయపట్నంలో పోర్టు పనుల వల్ల ఒడ్డుకు పోనివ్వలేదు. గేటు దగ్గర మనిషి మర్యాదగానే చెప్పాడు. ఉలవపాడులో మామిడి పిందెల దశలో ఉంది, రోడ్డు పక్కన సపోటాలు కిలో 50కి కొన్నాం. పాకల బీచ్‌లో గాలి లేదు, ఎండ బాగా ఉంది. పలక దించలేదు. చీకటి పడకముందే ఒంగోలు చేరాం.

అమ్మమ్మ వాళ్లింట్లో గోంగూర, జొన్నరొట్టె. తాతయ్య చరిత్ర మాష్టారుగా చేసి రిటైరయ్యారు. మా ప్రయాణం సంగతి విని, భోజనం మధ్యలోనే మోటుపల్లి శాసనం ఎత్తుకున్నారు. ఇప్పుడది బాపట్ల జిల్లా, మా చిన్నప్పుడు ప్రకాశమే. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం. అంతకుముందు రాజులు తుపానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు న్యాయంగా రావలసిన సుంకం మాత్రం తీసుకుని మిగతాది వాళ్లకే వదిలేస్తానని రాయించాడు. సముద్రం మీద ప్రాణం పణంగా పెట్టి వచ్చినవాళ్లు కాబట్టి అని కారణం కూడా చెప్పించాడు. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుందని, ఈ తీరం నుంచి అటు వెళ్లడం పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే మామూలు సంగతని తాతయ్య చెబుతూ పోతుంటే, "రొట్టె చల్లారుతుందండీ" అని అమ్మమ్మ అడ్డుకుంది.

మార్చి 11, కొత్తపట్నం

కొత్తపట్నం దారిలో ఇసుక నేలల్లో కూరగాయల మళ్లు, తర్వాత సరుగుడు, తర్వాత ఎండుచేపల వాసన. తాతయ్య పాత శిష్యుడొకడు ఇక్కడి పాలెంలో ఉన్నాడు. ఆయన వాళ్ల నాన్న దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ముసలాయనకు చూపు తగ్గింది. అయినా ఒకప్పుడు తెరచాప వేసుకుని రెండు మూడు రాత్రుళ్లు లోపల ఉండి వచ్చేవాడట. కళ్లతో కాక చేత్తో పలకను చూశాడు. ముక్కు నుంచి తోక దాకా తడిమి, తాడు కీలు దగ్గర ఆగి, "ఇది మనోళ్లు కట్టిన ముడి" అన్నాడు.

మైపాడు పెద్దాయన మాట చెప్పాం: పుష్యం, మాఘం, ఈశాన్యం గాలి, అటు నుంచి ఇటు. ఈయన సగమే ఒప్పుకున్నాడు. "గాలి సరే. నీళ్ల సంగతి ఆయన చెప్పలేదా? మార్గశిరంలో ఒడ్డు వెంట నీళ్లు దక్షిణానికి లాగుతాయి. మీరు మైపాడనుకుని వస్తే చెన్నపట్నం కాడ తేలతారు. మాఘం నడిచేకొద్దీ నీళ్లు ఉత్తరానికి మళ్లుతాయి. అప్పుడు ఇక్కడికి గురిపెట్టి వచ్చినా పైకి పోతారు. ఎప్పుడు బయల్దేరతారో దాన్నిబట్టి యాడ దిగాలో." సముద్ర శాస్త్రవేత్తలు తూర్పు తీరపు ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిక్కు మార్చుకుంటుందని చెబుతారు. శీతాకాలం మొదట్లో దక్షిణానికి, ఫిబ్రవరి వచ్చేసరికి ఉత్తరానికి. తమ్ముడికి ఆ సంగతి తెలుసు. కానీ తన పలక మీద అది ఎన్ని కిలోమీటర్ల తేడాగా పడుతుందో ఆలోచించలేదు. బరువైన పలక గాలికి ఎదురు వెళ్లలేదు. తీరం కనపడ్డాక ఇరవై కిలోమీటర్లు దారి తప్పితే వెనక్కి రావడం ఉండదు.

వాళ్లింట్లో సావిడాయి చేపల పులుసు, చద్దన్నం. కొత్తపట్నం పులుసులో పులుపు తక్కువ, మిరియం ఎక్కువ. నేను రెండోసారి పెట్టించుకున్నాను. తిన్నాక ఎండుచేపలు కిలో 300కి కొన్నాం. నాకు ముప్పై తగ్గించి ఇచ్చిన ఆవిడ, తమ్ముడి చెయ్యి చూసి, బొబ్బలకు పసుపు, నూనె కలిపి రాయమని కాస్త పసుపు పొట్లం కూడా కట్టి ఇచ్చింది.

మూడు గంటలకు గాలి నిలకడగా లేచింది. తమ్ముడు తాడు కీలుతోనే లోపలికి వెళ్లాడు. ఒడ్డుకు అడ్డంగా, చేతులు చాపి, వెనక్కి వాలి, అంచు దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. ముడి కదల్లేదు. నాకు ఆ పలక మీద నిలబడటం రాదు. కానీ ఆ వాలు చూస్తుంటే, రోజులు రోజులు అలా నిలబడిన ఆడమనిషి నడుము గురించీ అరచేతుల గురించీ తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

సాయంత్రం అరుగు మీద కూర్చుని తమ్ముడు ప్లాన్ మళ్లీ గీశాడు. బయల్దేరేది ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్. సంక్రాంతి వెళ్లాక. మూత గాలి కొట్టని పక్క. ముక్కు నుంచి గుడ్డ లంగరు. రెండు తాడు కీళ్లు అదనంగా, రబ్బరు వద్దు. ఏఐఎస్ పెట్టె. కొబ్బరినూనె డబ్బా. అనుమతులు, డబ్బు, పలక కట్టేవాళ్లు, ఇవన్నీ ఇంకా తేలాల్సినవే. ఏళ్లు పట్టొచ్చు. దిగే చోటు దగ్గర మాత్రం వాడు ఖాళీ వదిలాడు.

చూపు తగ్గిన ఆ కొత్తపట్నం పెద్దాయన ఖాళీ ఎందుకని అడిగాడు. నీళ్లు ఎటు లాగితే అటు కదా తాతా అన్నాడు వీడు.

"యాడ దిగినా ఒడ్డు కాడ అలే చంపుద్ది. రెండు వారాలు నిలబడిన కాళ్లకు ఆ ఆఖరి వంద గజాలు దాటే సత్తువ ఉండదు. రెండు దినాలు ముందు ఫోన్ చెయ్యండి. మైపాడయితే వాళ్లు, ఇక్కడయితే మావాళ్లు బోట్లేసుకుని ఎదురొస్తారు. అల దాటించేది మా పని, మీది కాదు" అని, కొడుకు ఫోన్ నంబరు తమ్ముడి పుస్తకంలో రాయించాడు.